పాటలో వినిపించేది, పత్రంలో కనిపించనిది
తెలుగు క్రైస్తవుల అస్తిత్వం భాషలో, గానంలో, తెరపై, ప్రభుత్వ పత్రాల్లో

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పుస్తకంలో చాలా పాటల తలకట్టున రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. ఆదివారం ఆరాధనలో ఆ పాటలు పాడేవారిలో ఎక్కువమందికి శాస్త్రీయ సంగీతంతో పరిచయం ఉండకపోవచ్చు, ఆ రాగం పేరు ఎవరూ పైకి చదవకపోనూ వచ్చు. అయినా తరాలుగా ఆ తలకట్టు అలాగే అచ్చవుతూ వస్తున్నది. బయటి నుంచి వచ్చిందని పేరుపడిన మతం, రామదాసు, త్యాగరాజు పాడుకున్న పల్లవి, అనుపల్లవి, చరణాల చట్రంలోనే తన దేవుణ్ణి కీర్తించుకోవడానికి సిద్ధపడిందని ఆ చిన్న తలకట్టు చెబుతుంది. తెలుగు క్రైస్తవులు తమను తాము ఎలా చెప్పుకున్నారు, ఎవరికి చెప్పుకున్నారు, ఎక్కడ చెప్పుకోకుండా ఊరుకున్నారు అనే ప్రశ్నలకు సమాధానం వెతికేవారు వేదాంత గ్రంథాల కంటే ముందు ఈ పాటల పుస్తకాన్ని తెరవడమే మేలు.

మనిషి తాను ఎవరినని అనుకుంటున్నాడో, ఎదుటివారు అతన్ని ఎవరిగా చూస్తున్నారో, ప్రభుత్వం అతన్ని ఏ గడిలో రాసుకుంటున్నదో, ఈ మూడూ కలిసిన దానికి సామాజిక శాస్త్రాల్లో అస్తిత్వం అని పేరు. చాలామంది విషయంలో ఈ మూడూ ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి కాబట్టి వాటి మధ్య తేడా ఉందన్న సంగతే స్ఫురించదు. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులైన దళితుల విషయంలో మాత్రం ఈ మూడూ మూడు దారులు పట్టాయి. అందువల్ల వారి అస్తిత్వం ఒకే చోట నిలిచి మాట్లాడదు. సంఘం ముందు పాటగా, ఊరి ముందు పేరుగా, కార్యాలయం ముందు ధ్రువపత్రంగా విడివిడిగా ఉంటుంది. దీన్ని దాపరికమనో అవకాశవాదమనో అనేవారు ఆ విభజన ఎవరు చేసిందో చూడడం లేదు.

కరువు, కాలువ, గుండ్లకమ్మ

తెలుగు నేలపై క్రైస్తవం ఒకే ద్వారం గుండా రాలేదు. 18వ శతాబ్దంలో జెస్యూట్ గురువులు నడిపిన కర్ణాటక మిషన్ ద్వారా కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలు కథోలికులయ్యాయి; గుంటూరు జిల్లా ఫిరంగిపురం వంటి ఊళ్లలో ఆ కుటుంబాల వారసులు ఇప్పటికీ తమ కులాన్నీ, తమ మతాన్నీ ఇబ్బంది లేకుండా ఒకే వాక్యంలో చెప్పుకోగలరు. 1842లో గుంటూరుకు వచ్చిన మిషనరీ హేయర్‌తో అమెరికా లూథరన్ల పని మొదలైంది. నెల్లూరులో అంతకు కొద్దిగా ముందే స్థిరపడిన అమెరికా బాప్టిస్టుల మిషన్ మాత్రం పాతికేళ్లపాటు ఎదుగూ బొదుగూ లేక, మూసేయాలన్న ఆలోచన దాకా వెళ్లింది.

ఆ మిషన్ చరిత్రను మలుపు తిప్పినవారిలో అమెరికా నుంచి వచ్చిన జాన్ క్లౌ పేరు ఎక్కువగా వినిపిస్తుంది కానీ, నిజానికి ముందు నడిచినవాడు తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు ప్రాంతంలో అతని బంధువర్గం, అతని వర్తక సంబంధాలు ఉన్న దారుల వెంటే కొత్త మతం ఊరూరికీ పాకింది. మాల మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని పైకులాల వారు చెప్పినప్పుడు క్లౌ వచ్చినవారివైపే నిలబడ్డాడు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీడించిన కరువులో అతడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి చూపించాడు. కూడు కోసమే చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపి, తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మందికి ఇప్పించాడు. బాప్తిస్మం అంటే నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకునే సంస్కారం. కథోలికులు దాన్ని జ్ఞానస్నానం అంటారు, నీటిని తలపై పోస్తారు.

కొత్తగా చేరినవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడడానికి ఇవి మతాచారాలే అయినా, ఊరి లెక్కలో మూడూ కులం మీద తిరుగుబాట్లే. ఆదివారం పొలానికి రానన్నవాడు మోతుబరి మాట కాదన్నట్టు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టనన్నవాడు తరతరాల ఊడిగాన్ని వదులుకున్నట్టు. అందుకే తొలి తగాదాలు దేవుడి గురించి కాక కూలి గురించి, డప్పు గురించి వచ్చాయి. ఈ చరిత్రనే జి. కళ్యాణరావు తన 'అంటరాని వసంతం' నవలలో దళితుల వైపు నుంచి చూపించాడు. అందులో కరువుకు ఊరు విడిచి కాలువ పనికి నడిచిన శివయ్య సిమోనుగా మారతాడు, అయితే పేరు మారినంత సులువుగా భూమి, గౌరవం చేతికి రావు.

గ్రంథపు తెలుగు

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు తెలుగునాట అచ్చు కాలేదు. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1730ల నాటికే బైబిలును తెలుగు చేసినా అది అచ్చుకు నోచుకోలేదు. అతడు స్వదేశం తిరిగి వెళ్లాక 1746 ప్రాంతంలో హాలె నగరంలో వేయించిన చిన్న చిన్న మతబోధ పుస్తకాలే తెలుగు అచ్చుకు ఆరంభంగా లెక్కకు వస్తున్నాయి. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డి గ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. అనువాదాలు తరువాత ఎన్నోసార్లు దిద్దుబాటుకు గురైనా, వాటి మాటల కూర్పులో పండితుల తెలుగు ప్రభావం మొదటినుంచీ బలంగా ఉండిపోయింది.

తెలుగు రచన ఇరవయ్యో శతాబ్దంలో గిడుగు రామమూర్తి ఉద్యమం తరువాత క్రమంగా వాడుక భాషకు మారింది. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు ఆలస్యంగానైనా మారాయి. ప్రొటెస్టెంట్ సంఘాల్లో అత్యధికులు చదివే బైబిలు మాత్రం 'చెప్పుచున్నాను', 'ఎరుగుదురు' వంటి గ్రాంథిక క్రియారూపాలతోనే ఉండిపోయింది. వాడుక భాషలో కొత్త అనువాదాలు వచ్చినా విశ్వాసులు వాటిని ఇంట్లో చదువుకుంటారేమో గానీ, ఆరాధనలో పాతదాన్నే తెరుస్తారు. పాతదనానికి పవిత్రత అంటుకోవడం అన్ని మతాల్లోనూ ఉన్నదే. అయితే ఇక్కడ దానికి మరో కోణం ఉంది. గుడి గడప తొక్కనివ్వని, బడిలో బయట కూర్చోబెట్టిన ఒక సమాజానికి గ్రాంథిక తెలుగు వేదిక మీద నిలబడి పైకి చదవగల భాషగా అందింది బైబిలు ద్వారానే. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి వినిపించే 'బైబిలు స్త్రీలు', అంటే మిషన్లు జీతమిచ్చి నియమించిన మహిళా బోధకులు, ఈ భాషను పేటల్లోకి తీసుకెళ్లారు. ప్రార్థన చేయడానికి నిలబడిన కూలి తల్లి నోట ఇంటి యాసకు బదులు గ్రంథపు తెలుగు వినిపించడాన్ని కృతకమని నవ్వేవారున్నారు. పంతుళ్లకే సొంతమనుకున్న భాషను ఆమె తనదిగా మాట్లాడుతున్నదన్న సంగతిని ఆ నవ్వు గమనించదు.

ఆ భాష నుంచే దైనందిన గుర్తులు పుట్టాయి. ఎదురుపడ్డప్పుడు ఇద్దరు విశ్వాసులు నమస్కారం అనకుండా 'వందనాలు' అనుకుంటారు, కొత్త తరం 'ప్రైజ్ ది లార్డ్' అంటుంది. పాస్టరు 'అయ్యగారు', ఆయన భార్య 'అమ్మగారు'. తన జీవితంలో దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పడం 'సాక్ష్యం'. కథోలికులు పూజ అంటారు, ప్రొటెస్టెంట్లు ఆరాధన అంటారు; కథోలికులు విచారణ అనే చర్చి పరిధిని ప్రొటెస్టెంట్లు సంఘం అంటారు. తెలిసినవారికి రెండు మాటలు వింటే చాలు, ఎదుటి మనిషి ఏ శాఖవాడో తెలిసిపోతుంది. తెలియనివారికి మాత్రం అందరూ ఒక్కలాగే వినిపిస్తారు.

దేశం దాటినచోట ఈ భాషే సంఘానికి హద్దు గీసింది. చెరకు తోటల్లో పనిచేయడానికి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వలసపోయిన తెలుగు కూలీల కోసం నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను పంపారు. తెల్ల మిషనరీలు తెలుగువారి వద్దకు వచ్చిన రోజుల్లోనే తెలుగువారు తమ మిషనరీని సముద్రం దాటించారన్నది ఇక్కడ తగినంత ప్రచారంలో లేని విషయం. అక్కడ తమిళ, హిందీ మాటలాడే కూలీల మధ్య తెలుగు బైబిలు, తెలుగు కీర్తన ఆ సంఘాలకు మతచిహ్నాలతోపాటు మాతృభాషా చిహ్నాలు కూడా అయ్యాయి.

రాగం నుంచి ప్యాడ్స్ దాకా

మిషన్ల తొలి రోజుల్లో రెండు రకాల పాటలు పక్కపక్కన నడిచాయి. ఒకటి ఇంగ్లిషు, జర్మన్ స్తుతిగీతాల బాణీలకు తెలుగు మాటలు కూర్చినది. ఆ బాణీలు మాటలోని ఊనికపై ఆధారపడతాయి, తెలుగు పాటకు ఆధారం గురులఘువులు, అంటే దీర్ఘ హ్రస్వాల కాలమానం. ఆ రెండూ కలిసినచోట హ్రస్వాన్ని సాగదీయవలసి వచ్చేది, దీర్ఘాన్ని కుదించవలసి వచ్చేది, దాంతో మాట నోటికి ఎక్కినా చెవికి ఎక్కేది కాదు. రెండోది పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు వేసిన బాట. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, తెలుగు కవిత్వంలో ప్రవేశం సంపాదించి, 1833లో బాప్తిస్మం పొందిన చౌదరి, తనకు తెలిసిన కీర్తన ప్రక్రియనే కొత్త దేవుడి కోసం వాడాడు. భక్తుడు తన పాపాలను ఏకరువు పెట్టుకోవడం, దేవుణ్ణి నిలదీయడం, చివరకు శరణు వేడడం అనే వరస తెలుగు భక్తి సాహిత్యానికి పాతదే కాబట్టి, విన్నవారికి ఆ పాట పరాయిదిగా తోచలేదు.

ఈ ఘనతతో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. కీర్తన ద్వారా సంఘంలోకి వచ్చిన సంప్రదాయం పైకులాల సంగీత సంప్రదాయం. పాడవలసిన అత్యధికుల సొంత సంగీతమైన డప్పు మాత్రం గ్రామదేవతల కొలుపుతో ముడిపడి ఉందన్న కారణంగా ఆరాధనలోకి రాలేకపోయింది. ఊడిగపు గుర్తుగా దాన్ని వదిలినవారికి ఆ వదలడం విముక్తే. కానీ తమ చేతి వాద్యం తమ దేవుడి ముందు పనికిరాదన్న భావన తరతరాలుగా ఉండిపోవడం చిన్న నష్టం కాదు. దళిత ఉద్యమం డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టిన తరువాతే కొన్ని క్రైస్తవ వేదికల మీదికి అది తిరిగి రావడం మొదలైంది.

మిషన్ల నీడ నుంచి బయటపడిన సంఘాలు తమ పాటలను తామే రాసుకున్నాయి. ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో ప్రారంభించిన బైబిలు మిషన్‌కు ఆయన కీర్తనలే ఊపిరి. సిక్కు కుటుంబంలో పుట్టిన పంజాబీ బక్త్ సింగ్ (1903–2000) హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా నడిపిన సంఘాలు 'సీయోను గీతములు' పాడుకుంటాయి, బల్లలు లేకుండా చాపల మీద కూర్చుంటాయి. ఎవరి పాటల పుస్తకం ఏదో చెబితే వారి సంఘం ఏదో చెప్పవచ్చు.

క్యాసెట్లు వచ్చాక ఈ సరిహద్దులు చెరిగిపోసాగాయి. సినిమాల్లో పాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వంటి గాయకులు క్రైస్తవ గీతాలూ పాడారు. అదే గొంతు తెల్లవారుజామున గుడి మైకులో, ఆదివారం చర్చి మైకులో వినిపించడం కోస్తా గ్రామాల్లో ఎవరికీ వింతగా తోచలేదు. ఏ.ఆర్. స్టీవెన్‌సన్ వంటి రచయితలు, హోసన్నా మినిస్ట్రీస్ వంటి సంస్థలు పాటను ఆల్బంగా మార్చాయి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్స్ పల్లెటూరి ప్రార్థనా మందిరానికీ చేరాయి. 'శుభవార్త', 'ఆరాధన' వంటి టీవీ చానళ్లు, ఆ తరువాత యూట్యూబు, పెద్ద సంఘాల పెత్తనాన్ని సడలించాయి: బిషప్పు అనుమతితో పనిలేకుండా ఎవరి గొంతు బాగుంటే వారే బోధకులవుతున్నారు. పాట నాణ్యత పడిపోయిందని పాతతరం చేసే ఫిర్యాదులో నిజం లేకపోలేదు. మాటలో కవిత్వం పలచబడింది, ఆడియో హంగు చిక్కబడింది.

పేరు, బొట్టు, తాళి

సువార్తమ్మ, మరియమ్మ, యోహాను, ఏసుపాదం, దేవసహాయం, కరుణమ్మ, ఆశీర్వాదం వంటి పేర్లు వినగానే మతం తెలిసిపోయేవి. బైబిలు పేరుకు 'అమ్మ', 'రావు', 'బాబు' చేర్చి ఇంటిపేరు యథాతథంగా ఉంచడంతో ఊరివారికి కులం, వంశం కూడా తెలిసేవి. ఆ తరువాతి తరంలో కృప, దయ, ప్రసాదం, ప్రేమ, రత్నం చుట్టూ అల్లిన పేర్లు పెరిగాయి: కృపారావు, ప్రేమ్‌కుమార్, రత్నకుమారి. సంఘంలో ఆ పేరులోని క్రైస్తవ భావం అందుతుంది, బడి హాజరుపట్టీలో మాత్రం అది అందరిలో కలిసిపోతుంది. బాప్తిస్మపు పేరొకటి, బడిలో రాయించిన పేరొకటి ఉన్నవారూ తక్కువేమీ కాదు.

స్త్రీల అలంకరణలో ఈ బేరసారం మరింత కనబడుతుంది. పెంతెకొస్తు, హెబ్రోను తరహా సంఘాల్లో బొట్టు, నగలు వదలడం విశ్వాసానికి గుర్తు. పాత మిషన్ సంఘాల పెళ్లిళ్లలో తెల్ల పట్టుచీర, తాళి రెండూ కలిసి కనిపిస్తాయి. విజయవాడ గుణదల మరియమాత ఉత్సవాల్లో ఫిబ్రవరిలో తలనీలాలిచ్చేవారిలో హిందువులూ ఉంటారు. ఏది క్రైస్తవం, ఏది తెలుగు ఆచారం అనే గీత అక్కడ ఎవరూ గీయరు, గీసినా నిలవదు.

తెర మీది ఫాదరు

తెలుగు సినిమాలో క్రైస్తవుడంటే ఎత్తైన గోపురాల చర్చి, తెల్ల అంగీ ఫాదరు, పాపాలు ఒప్పుకునే చెక్క గది. ఈ మూడూ ఎక్కువగా కథోలికాన్ని గుర్తుచేసేవి. రేకుల కప్పు కింద, చాప మీద కూర్చుని, మైకులో సాక్ష్యం చెప్పుకునే ప్రొటెస్టెంటు పేటకు వీటితో సంబంధం లేదు. 1981లో వచ్చిన 'సీతాకోకచిలుక'లో బ్రాహ్మణ యువకుడు, క్రైస్తవ యువతి ప్రేమించుకుంటారు గానీ, అది తమిళ కథకు తెలుగు రూపం. 2010 నాటి 'ఏ మాయ చేశావే'లో క్రైస్తవ నాయిక జెస్సీ మలయాళీ. తెలుగు నేలపై పుట్టి, తెలుగు బైబిలు చదివి పెరిగిన పక్కింటి క్రైస్తవ అమ్మాయికి తెర మీద చోటు అరుదు, ఎందుకంటే ఆమెను చూపిస్తే మతంతో పాటు కులాన్నీ చూపించవలసి వస్తుంది.

తెర మీద క్రీస్తుకు మాత్రం ఆ ఇబ్బంది రాలేదు. ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో 1978లో వచ్చిన 'కరుణామయుడు' తెలుగు పౌరాణిక చిత్ర సంప్రదాయంలో, అంటే గ్రాంథిక సంభాషణలు, పాటలు, మహిమలు కలగలిసిన పద్ధతిలో, యేసు కథను చెప్పింది. యేసుగా నటించిన విజయచందర్ ఇంటింటి పటాల్లోకి ఎక్కాడు; 1986లో ఆయనే షిర్డీ సాయిబాబాగా నటించినప్పుడు ప్రేక్షకులు అంతే భక్తితో చూశారు. హిందీలోకి 'దయాసాగర్'గా, ఇతర భాషల్లోకి కూడా అనువాదమై, ప్రొజెక్టర్లతో దేశమంతా పల్లెల్లో తిరిగిన ఈ చిత్రం తెలుగు పౌరాణిక శైలిని ఇతర ప్రాంతాల క్రైస్తవులకూ పరిచయం చేసింది.

సినిమా దాటేసిన ప్రశ్నను సాహిత్యం అందుకుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా (1895–1971), 'గబ్బిలం'లో ఒక అస్పృశ్యుడి చేత శివుడికి సందేశం పంపించాడు. 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నదీ ఆయనే. రెండు కావ్యాలనూ ఒకే మనిషి రాయడంలో వైరుధ్యం చూసేవారు, అవమానం ఏ దేవుడి ముందైనా అవమానమేనని ఆయన గ్రహించాడన్నది మరుస్తారు. ఇటీవలి కాలంలో ఎం.ఎం. వినోదిని లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని ఆధారం చేసుకుని, అగ్రవర్ణ స్నేహితురాలి ఇంటి సంస్కృతికి ఆకర్షితురాలైన దళిత క్రైస్తవ యువతి కథ రాశారు. బైబిలు ఉపమానమే కులాన్ని చదివే సాధనంగా మారడం ఆ కథలోని బలం.

కాగితం మీద

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా ప్రధానంగా హిందువులకే వర్తించేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఆ హోదా పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' విభాగంలో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. షెడ్యూల్డు కులాలకు ఉన్నది 15 శాతం. పేటలో ఇల్లు మారదు, ఊరివారి పిలుపు మారదు, చట్టం దృష్టిలో కులం మాత్రం మారిపోతుంది. దళితులపై దాడులు జరిగిన కారంచేడు (1985), చుండూరు (1991) బాధిత కుటుంబాల్లో క్రైస్తవ విశ్వాసులున్నారు. దాడికి వచ్చినవారు చూసింది కులాన్నే.

దీని ఫలితం జనాభా లెక్కల్లో కనబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం ఉండగా, 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో 1.34 శాతానికి తగ్గినట్టు నమోదైంది. ఇవే దశాబ్దాల్లో ప్రార్థనా మందిరాలు, పాటలు, చానళ్లు పెరుగుతూ పోయాయి. లెక్కకూ కంటికీ ఉన్న ఈ ఎడాన్ని మతాంతరీకరణ వ్యతిరేకులు మోసమని అంటారు, దళిత క్రైస్తవ సంఘాలు చట్టం నెట్టిన నిశ్శబ్దమని అంటాయి. విశ్వాసానికి వెల కట్టి, ఆ వెలను పేదల చేతే కట్టించే ఏర్పాటులో పేదలు నోరు విప్పకపోవడాన్ని నేరంగా చూడడం న్యాయం కాదు.

న్యాయస్థానాల ముందు ఈ చిక్కు పలు రూపాల్లో వచ్చింది. గుంటూరు వైద్య కళాశాలలో ప్రవేశానికి సంబంధించిన 1976 నాటి వ్యాజ్యంలో, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టి హిందూ మతంలోకి మారిన వ్యక్తిని ఆ కులంవారు తమవాడిగా అంగీకరిస్తే కులం తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కులం నిర్ధారణలో చివరి మాట కులానిదే అయింది. మతంతో ముడిపెట్టకుండా హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. కేంద్రం 2022లో విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు అన్నది. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు ఫిర్యాదు విషయంలో తీర్పిచ్చింది. ఈ ఇటీవలి తీర్పుల్లో సాక్ష్యంగా చూసేవి బాప్తిస్మపు రిజిస్టరు, చర్చి హాజరు, వృత్తి, ధ్రువపత్రం. కులం మాత్రం ఊరి బావి దగ్గర, శ్మశానం దారిలో, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు సాక్ష్యం అడగకుండానే తేలుతున్నది. గుంటూరు లూథరన్ మాల కుటుంబం ఒంగోలు బాప్టిస్టు మాదిగ కుటుంబంతో వియ్యమందడం చర్చి లోపల కూడా ఇప్పటికీ అరుదే.